వైద్యానికి ఐదు స్టార్లు, బిల్లింగ్‌కి రెండే

అమెరికాలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న నాన్‌ప్రాఫిట్ హాస్పిటల్ ఇది, పేరు రాయడం లేదు. మమ్మల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి ఛాతీ నొప్పి వస్తే ఎమర్జెన్సీలో చేర్చాం. డాక్టర్లు, నర్సులు ఎంతో బాగా చూసుకున్నారు, వాళ్లకి వంక పెట్టడానికి లేదు.

గొడవంతా బిల్లుతోనే. బీపీ ముందునుంచే ఉందని విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు చాలావరకు ఎగ్గొట్టారు. హాస్పిటల్ పంపిన కాగితంలో ల్యాబ్ ఇంత, ఫార్మసీ ఇంత అని మొత్తాలే తప్ప వివరం లేదు. ఐటమైజ్డ్ బిల్లు, అంటే ఒక్కో ఖర్చూ విడివిడిగా రాసినది, పంపండి అంటే, ఇప్పుడే కట్టేస్తే డిస్కౌంట్ ఇస్తామని తొందరపెట్టారు గానీ అడిగింది పంపడానికి మాత్రం బతిమాలించుకున్నారు. తీరా వచ్చాక చూస్తే ఒకే రక్తపరీక్ష, అదే కోడ్, అదే టైము, రెండుసార్లు వేసి ఉంది! చూపిస్తే తీసేశారు.

నాకు అసలు కోపం వచ్చింది వేరే దానికి. ఫెడరల్ పన్ను చట్టం 501(ఆర్) ప్రకారం ఇలాంటి నాన్‌ప్రాఫిట్ హాస్పిటల్‌కి ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ (కట్టలేని వాళ్లకి బిల్లు తగ్గించే, మాఫీ చేసే పద్ధతి) ఉండి తీరాలి, డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల వరకు అప్లికేషన్ తీసుకోవాలి, మొదటి 120 రోజుల్లో బాకీ కోసం హాస్పిటల్ కోర్టుకి వెళ్లడం, క్రెడిట్ రిపోర్టులో ఎక్కించడం కుదరదు. అంత పెద్ద సాయం ఉంటే ఫోనెత్తిన వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు, బిల్లు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివితే తెలిసింది. టెన్షన్‌లో ఉన్నవాళ్లు కార్డు గీకేసి ఊరుకుంటారు కదా, అది అన్యాయం.

రెండో స్టారు మాత్రం అక్కడి ఫైనాన్షియల్ కౌన్సెలర్‌కి. నేరుగా వెళ్లి కలిస్తే ఆవిడ కూర్చోబెట్టి ఫారం నింపించారు, నాన్నగారి పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకున్నారు. ఇక్కడి పాలసీలో సిటిజన్ అయి ఉండాలన్న షరతు లేదు (ఒక్కో హాస్పిటల్‌ది ఒక్కోలా ఉంటుంది, చదువుకోండి). బిల్లులో చాలా భాగం మాఫీ అయింది.

ఇంకో సంగతి, ఎమర్జెన్సీ డాక్టర్ల గ్రూపు బిల్లు విడిగా వస్తుంది. పాలసీ ఎవరెవరికి వర్తిస్తుందో హాస్పిటల్ ఒక జాబితా పెట్టాలి, అందులో వీళ్లు లేరు. ఆ బాకీ కలెక్షన్ ఏజెన్సీకి, అంటే బాకీలు వసూలు చేసే కంపెనీకి, వెళ్లింది. నోటీసు అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, బాకీకి ఆధారం చూపేదాకా వసూలు ఆపాలి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను, అప్పటినుంచి ఫోన్లు రావడం లేదు.