మెదడువాపు రోగికి మంచం పక్కనే తీసిన ఈఈజీ

జ్వరం తగ్గకముందే మాటల్లో పొంతన పోయిన మా పెదనాన్నగారికి, వైరస్ వల్ల మెదడువాపు వచ్చి ఉండవచ్చునన్న అనుమానంతో ఐసీయూలోనే ఈఈజీ (తలకు ఎలక్ట్రోడులు అంటించి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీశారు. పరీక్ష చేసిన తీరుకు వంక పెట్టలేను. టెక్నీషియన్ ముక్కు మొదలు నుంచి తల వెనుక ఎముక ఉబ్బు వరకు టేపుతో కొలిచి, గుర్తులు పెట్టుకుని, జుట్టు పాయలు తీసి, చర్మాన్ని రుద్ది శుభ్రం చేసి, ఒక్కొక్క ఎలక్ట్రోడునూ పేస్టుతో అంటించారు. ఇదంతా చాదస్తం కాదు. అంటింపు సరిగా లేకపోతే చెమట, కండరాల కదలిక కూడా మెదడు తరంగాల వేషంలో తెర మీదకు వస్తాయి.

అయితే వైరస్ పేరు ఈఈజీ చెప్పదు. అది వెన్నునీటిలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష తేల్చవలసిన సంగతి. మేలుకుని కళ్లు మూసుకున్నప్పుడు తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు కనిపించే ఆల్ఫా లయ చెదిరి, 4కు లోపుండే డెల్టా తరంగాలు పరుచుకుంటే మెదడు పనితీరు దెబ్బతిన్నదని తెలుస్తుంది గాని, కాలేయం చెడినా, మత్తుమందు ఎక్కువైనా ఇంచుమించు అలాగే ఉంటుంది. కణత భాగంలో ఒక పక్కనే, 1 నుంచి 3 సెకన్లకొకసారి పదునైన తరంగాలు వరుసగా వస్తుంటే, మెదడువాపు తెచ్చే వైరస్ అయిన హెర్పిస్ సింప్లెక్స్‌పై అనుమానం బలపడుతుంది. అవి కనిపించనంత మాత్రాన ఆ వైరస్‌కు ఇచ్చే ఎసైక్లోవిర్ మందు ఆపకూడదు.

నా దృష్టిలో ఈ పరీక్ష అసలు విలువ, ఒళ్లు కొట్టుకోకుండా లోలోపలే సాగే మూర్ఛను పట్టుకోవడంలో ఉంది. కనురెప్ప సన్నగా అదరడం తప్ప బయటికి ఏమీ తెలియని రోగిలో దానిని నిర్ధారించే దారి ఇదే. అరగంట రికార్డింగులో అది దొరకకపోవచ్చు కనుక, స్పృహ తేరుకోని రోగికి గంటల తరబడి సాగే నిరంతర ఈఈజీ వీలవుతుందేమో వైద్యులను అడగడం మంచిది.

నిరాశపరిచింది రిపోర్టు. రెండు వైపులా తరంగాలు నెమ్మదించాయన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అంతకుముందే ఇచ్చిన మిడజోలం అనే మత్తుమందు మాట అందులో లేదు; ఆ మందు మూర్ఛ తరంగాలను అణచగలదు, వేగమైన బీటా తరంగాలను పెంచగలదు. రోగిని పేరు పెట్టి పిలిచినప్పుడు గాని, గిల్లినప్పుడు గాని తరంగాలు మారాయో లేదో కూడా రాయలేదు. రికార్డింగుకు నాలుగు నక్షత్రాలు, రిపోర్టుకు రెండే ఇస్తున్నాను. ఇదే పరీక్షకు వెళ్లేవారు, ఇచ్చిన మందుల వివరం వేళలతో సహా రిక్వెస్టు ఫారంలో రాశారో లేదో ముందే చూసుకోవాలి.