ఆర్కిటిక్‌లో గైడ్‌తో పెద్ద వేట: అలాస్కానా, గ్రీన్‌లాండా, కెనడాలోని నునావుటా? ఏది మేలు?

ముందే చెప్పేస్తాను, మొదటిసారి వెళ్ళేవాళ్ళయితే గ్రీన్‌లాండ్. ఆ మాట ధైర్యంగా చెప్పగలగడానికి నాకు ఒక అలాస్కా ట్రిప్పు, దాంతోపాటు ఏడాది పొదుపు ఖర్చయ్యాయి, కాబట్టి మిగతాది కూడా చదవండి.

మేం ఉండేది డాలస్ దగ్గర. పదేళ్ళుగా టెక్సస్‌లో జింకలు, అడవి పందులు వేటాడుతున్నాం (ఊళ్ళో అమ్మకి ఇప్పటికీ క్యాంపింగ్ అనే చెప్తాను). ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట అంటే జైలు సంగతే, అందుకే మనవాళ్ళలో ఈ విషయం బాహాటంగా మాట్లాడేవాళ్ళు తక్కువ, పార్టీలో పక్కకి పిలిచి అడిగేవాళ్ళు ఎక్కువ. అడిగే మొదటి మాట మాత్రం అందరిదీ ఒకటే, ఎంతవుతుంది అని. నేనూ అదే అడిగి బోల్తా పడ్డాను. ఏడు రోజుల ప్యాకేజీ అని రాసి ఉంటే అందులో తుపాకి పట్టుకుని నిజంగా తిరిగేది ఎన్ని రోజులు, మబ్బు పట్టి విమానం ఎగరక బెంచీ మీద కూర్చునేది ఎన్ని రోజులు, ఈ లెక్క తేలాకే రేటు గురించి మాట్లాడాలి. అందుకే కింద మూడు చోట్లనీ ఈ లెక్క మీదే తూకం వేస్తున్నాను.

అలాస్కా. మాకు ఇదే మొదట తట్టింది, ఎందుకంటే దేశం దాటక్కర్లేదు, సొంత రైఫిల్‌ని గట్టి పెట్టెలో పెట్టి తాళం వేసి ఎయిర్‌పోర్టులో చూపించి చెక్-ఇన్ చేసేయొచ్చు. బయటి రాష్ట్రాల వాళ్ళకి హంటింగ్ లైసెన్స్ 160 డాలర్లు, కారిబూ (ఉత్తర అమెరికా రెయిన్‌డీర్) ట్యాగ్, అంటే ఒక జంతువుని వేటాడే అనుమతి చీటీ, 650. అమెరికాలో ఉంటున్నవాళ్ళకి కారిబూ వేటకి గైడ్ తప్పనిసరి కూడా కాదు, గోధుమరంగు ఎలుగు, డాల్ అనే అడవి గొర్రె, కొండమేక, ఈ మూడింటికే తప్పనిసరి. కానీ హైదరాబాద్ నుంచి విజిటింగ్‌కి వచ్చిన తమ్ముడు నేనూ వస్తానంటే వాడికి అక్కడ ఏ పెద్ద జంతువుకైనా లైసెన్సున్న గైడ్ ఉండాల్సిందే. మేం అమెరికాలో ఉంటున్నవాళ్ళమే అయినా కొత్త కాబట్టి గైడ్‌ని పెట్టుకున్నాం.

ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి బెటిల్స్ అనే చిన్న ఊరు, అక్కడి నుంచి నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో బ్రూక్స్ పర్వతాల మధ్య ఒక చెరువు, ఇదీ ప్లాను. బెటిల్స్‌లో పొగమంచు దిగింది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. పైలట్ పొద్దున్నే బయటికొచ్చి కొండవైపు చూసి తల అడ్డంగా ఊపి కాఫీకి వెళ్ళిపోయేవాడు. నాలుగో రోజు మధ్యాహ్నానికి గానీ ఎగరలేదు. చెరువు ఒడ్డున టెంటు వేస్తుంటే, సాయంత్రం ఆరింటికి, మగ కారిబూ ఒకటి సరిగ్గా మా ఎదురుగా వచ్చి నిలబడింది. 200 గజాలు కూడా లేదు. కొమ్ముల మీది మెత్తటి తోలు ఊడి ఎర్రగా పీలికల్లా వేలాడుతోంది, అది తల ఊపినప్పుడల్లా ఆ పీలికలు మూతికి తగులుతున్నాయి. నేను రైఫిల్ వైపు చెయ్యి చాచానో లేదో గైడ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. అలాస్కా రూలు ప్రకారం అలాంటి విమానంలో దిగిన రోజు కాల్చకూడదు, మర్నాడు తెల్లవారుజామున మూడు దాటాలి. రూలు మంచిదే, లేకపోతే జనం పైనుంచి చూసి దిగి కాల్చేస్తారు. మూడింటికి లేచి చూస్తే ఒడ్డున డెక్కల గుర్తులు తప్ప ఏమీ లేవు. ఆఖరికి మిగిలిన రోజుల్లో మా ఫ్రెండ్‌కి ఒకటి దొరికింది, నేను ఖాళీ చేతులతో వచ్చాను. డబ్బు గురించి అడిగితే, వాతావరణానికి మేం బాధ్యులం కాదని కాంట్రాక్టులో ఉందిగా అన్నారు. ఉంది నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఇంకో సంగతి, పాత వీడియోల్లో కనిపించే వేల కారిబూల ప్రవాహాలు చూసి మోసపోకండి. అలాస్కా వాయవ్యంలో తిరిగే వెస్టర్న్ ఆర్కిటిక్ కారిబూ మంద 2003లో 4.9 లక్షలు, 2023 లెక్కకి 1.52 లక్షలు. మంద తగ్గేకొద్దీ బయటివాళ్ళకి ఆంక్షలు పెరుగుతాయి, వెళ్ళే ఏడాది రూల్స్ మళ్ళీ చదువుకోవాల్సిందే. ఖర్చు తగ్గుతుందని డాల్టన్ హైవే మీద కారులో వెళ్దామనుకునేవాళ్ళకి ఒక మాట: యూకాన్ నదికి ఉత్తరాన ఆ రోడ్డుకి ఇరువైపులా 5 మైళ్ళ దాకా వేటకి తుపాకి నిషేధం, విల్లుతో మాత్రమే. తుపాకీతో వేటాడాలంటే ఆ 5 మైళ్ళూ బురద గడ్డిదిబ్బల మీద నడిచి దాటాలి, వచ్చేటప్పుడు మాంసం మోసుకుంటూ.

అలాస్కాకి నేను పూర్తి మార్కులు వేసేది మాంసం దగ్గర. తినే మాంసం వదిలేసి కొమ్ములు పట్టుకొస్తే అక్కడ నేరం, ముందు మాంసం క్యాంపుకి చేరాలి, కొమ్ములు ఆ తర్వాతే. మా ఫ్రెండ్ కారిబూ నుంచి 100 పౌండ్లకి పైగా వచ్చింది, ఎలుగు భయానికి టెంటుకి దూరంగా పొదల మీద ఆరబెట్టి రెండు రాత్రులు కాపలా కాశాం. ఫ్రీజర్ నిండా తెచ్చుకుని దసరాకి పది కుటుంబాలకి వేపుడు పెట్టాం. మిగతా రెండు చోట్లా ఈ భాగ్యం సాధారణంగా ఉండదు.

గ్రీన్‌లాండ్. పశ్చిమ తీరంలో కాంగర్లుసువాక్ అనే ఊరు, ఆర్కిటిక్ వృత్తానికి కాస్త పైన, ఒకప్పటి అమెరికా ఎయిర్‌బేస్. ఇక్కడ ప్రధానంగా మస్కాక్స్, కావాలంటే జతగా కారిబూ. మస్కాక్స్ అంటే చూడ్డానికి దున్నపోతుకి గొంగడి కప్పినట్టు ఉంటుంది గానీ వంశం మేకలు, గొర్రెల వైపుది. ఈ ప్రాంతంలో ఒకప్పుడు ఇవి అసలు లేవు. 1962లో, 1965లో తూర్పు తీరం నుంచి మొత్తం 27 తెచ్చి వదిలారు, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. మనకి కావాల్సిన పాయింటు ఇదే. జంతువు ఎక్కడికీ వలస పోదు, గైడ్‌కి ఏ లోయలో ఏ గుంపు ఉందో తెలుసు, క్యాంపుకి పడవ మీదో బండి మీదో నడిచో చేరతారు. ఊళ్ళో దిగాక చిన్న విమానం కోసం ఆకాశం వైపు చూడక్కర్లేదు. మేం సెప్టెంబరు మొదట్లో వెళ్ళాం, రాత్రుళ్ళు నీళ్ళ బకెట్ మీద మంచు పొర కట్టేది, దోమలు అప్పటికి చచ్చాయి. అయిదు రోజులు బుక్ చేస్తే అయిదు రోజులూ కొండ మీదే ఉన్నాం.

ఇది తేలిక వేట అని కొందరు చప్పరించేస్తారు. ఒక రకంగా నిజమే, మస్కాక్స్ సాధారణంగా పారిపోదు, తోడేలు వచ్చినట్టు అన్నీ వీపులు ఆనించి గుండ్రంగా నిలబడిపోతాయి. కానీ అక్కడే చిక్కు. మాకు 120 గజాల్లో పెద్ద మగది కనిపించింది, దాని వెనకే ఒక ఆడది, పక్కన దూడ. గుండు దూరి వెనకదానికి తగిలితే తప్పు మనదే. గైడ్ నా పక్కన పడుకుని మాట్లాడకుండా వేలు అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, గంటా పావు. మోకాళ్ళ కింద నేల తడిసి చలి ఎముకల్లోకి ఎక్కింది. దూడ కదిలింది, ఆడది కదిలింది, అప్పుడు తల ఊపాడు. తర్వాత దిగి వెళ్తుంటే పొట్టి విల్లో పొదలకి గోధుమరంగు ఉన్ని పోగులు చిక్కుకుని ఉన్నాయి, కివియట్ అంటారు, జేబులో వేసుకుని తెచ్చాను, మా ఆవిడ దాన్ని ముట్టుకుని ఇంత మెత్తటిది కోసమా అంత గొడవ అంది. సమాధానం చెప్పలేదు.

లోటు లేదని కాదు. మాంసం దాదాపు అంతా అక్కడి కుటుంబాలకే వెళ్ళిపోయింది, మనం క్యాంపులో తిన్నంతే. కొమ్ములు, పుర్రె శుభ్రం చేయించి కాగితాలతో తర్వాత తెప్పించుకోవాలి, ఆ ఖర్చు వేరే. ఇక 2024 నవంబరులో రాజధాని నూక్‌లో కొత్త పెద్ద ఎయిర్‌పోర్టు తెరిచాక డెన్మార్క్ నుంచి వచ్చే పెద్ద విమానాలు అక్కడికే మళ్ళాయి, కాబట్టి నూక్‌లో దిగి ఇంకో విమానం మారాలి. 2025 వేసవిలో న్యూయార్క్ పక్కనున్న న్యూఆర్క్ నుంచి నూక్‌కి నేరుగా సర్వీసు మొదలవడం మనలాంటి వాళ్ళకి కలిసొచ్చింది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు జాగ్రత్త, గ్రీన్‌లాండ్ షెంగెన్‌లో (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) లేదు, చేతిలో షెంగెన్ వీసా ఉంది కదా అని బయల్దేరితే కుదరదు, గ్రీన్‌లాండ్‌కి చెల్లుతుందని విడిగా రాసిన డెన్మార్క్ వీసా కావాలి. నేనైతే రైఫిల్ కూడా తీసుకెళ్ళలేదు, ఔట్‌ఫిట్టర్ (వేట ఏర్పాట్లన్నీ చేసేవాడు) దగ్గరే అద్దెకి తీసుకున్నాను, దారిలో ప్రతి దేశానికీ తుపాకి కాగితాలు పెట్టే టెన్షన్ తప్పింది. మొదటిరోజు మాత్రం రాయికి గురిపెట్టి అయిదారు గుళ్ళు పేల్చి చూసుకోవాలి, పరాయి తుపాకి కదా.

నునావుట్. ఇది నేను వెళ్ళలేదు, కాల్గరీలో ఉండే మా బావ వెళ్ళాడు, విక్టోరియా ద్వీపంలో కేంబ్రిడ్జ్ బే అనే ఊరికి, ఎల్లోనైఫ్ మీదుగా, ఏప్రిల్ మొదట్లో. అదీ మస్కాక్స్ వేటే, కానీ ఇనుయిట్ (అక్కడి ఆదివాసీ) గైడ్ స్నోమొబైల్ అనే మంచు బండి వెనక కమూటిక్ అనే చెక్క స్లెడ్జి కట్టి, మనల్ని దాని మీద కూర్చోబెట్టి లాక్కెళ్తాడు. మైనస్ 30. బావ ఆవకాయ పట్టుకెళ్ళాడు (వాళ్ళింట్లో అది లేకుండా ఎవరూ ఊరు దాటరు). రెండో రోజుకి సీసాలో నూనె గడ్డకట్టి ఇటుకలా తయారైతే కత్తితో చెక్కి అన్నంలో వేసుకున్నాడట. నవ్వుకుంటూనే గైడ్ ఆ సీసా చూపించి, నీ రైఫిల్ బోల్టులో కూడా ఇదే జరుగుతోంది అన్నాడట. నిజంగానే జరిగింది. మామూలు గన్ ఆయిల్ ఆ చలికి జిగురైపోతుంది, తూటాని పేల్చే ఫైరింగ్ పిన్ నెమ్మదిగా వెళ్ళి టిక్ అని ఊరుకుంటుంది. బయల్దేరే ముందే నూనె పూర్తిగా తుడిచేసి, కావాలంటే గ్రాఫైట్ పొడి వెయ్యాలి. ఇంకోటి, తుపాకిని వెచ్చటి టెంట్లోకి తేకూడదు, చెమ్మ పట్టి స్కోపు మసకబారి మళ్ళీ బయటికెళ్ళగానే అది మంచైపోతుంది. రాత్రంతా బయట స్లెడ్జి మీదే ఉండాలి. ఫోను, కెమెరా బ్యాటరీలు లోపలి చొక్కా జేబులో.

రోజుల లెక్కలో నునావుట్ మధ్యరకం. స్నోమొబైల్ కాబట్టి చిన్న విమానం గొడవ లేదు, కానీ మంచు తుఫాను లేస్తే రెండు రోజులు టెంట్లోనే, బావకి ఒకటిన్నర రోజు పోయింది. పైగా 2010 ప్రాంతంలో ఆ ద్వీపంలో ఒక బ్యాక్టీరియా జబ్బుతో మస్కాక్స్ చాలా చచ్చిపోయాయి, గుంపు కోసం ఇప్పుడు ఎక్కువ దూరం తిరగాల్సి వస్తోందని వాళ్ళ గైడే చెప్పాడట. ఖర్చు కూడా గ్రీన్‌లాండ్ కంటే పైమాటే. కాగితాలు మాత్రం తేలిక, అమెరికా గ్రీన్ కార్డు ఉంటే పాస్‌పోర్టుతో పాటు అది చూపిస్తే కెనడా వీసా అక్కర్లేదు, మామూలు వేట రైఫిల్‌కి సరిహద్దులో డిక్లరేషన్ ఫారం నింపి 25 కెనడా డాలర్లు కడితే 60 రోజులు చెల్లుతుంది. పిస్టల్ ఊసెత్తకండి. అమెరికా నుంచి బయల్దేరే ముందు కస్టమ్స్‌లో 4457 ఫారం మీద తుపాకి నంబరు రాయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఇది నాదే అనడానికి అదే ఆధారం. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు ఇంకా ముందు నుంచే చూసుకోవాలి, తాత్కాలిక వీసా మీద అమెరికాలో తుపాకి దగ్గర ఉంచుకోవడమే నేరం, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటేనే మినహాయింపు.

ధ్రువపు ఎలుగు సంగతేంటని ఎవరో ఒకరు అడుగుతారు. బయటివాళ్ళకి ఆ వేట ఉన్నది ఒక్క కెనడాలోనే, అదీ ఒక్కో ఊరికి కేటాయించిన కోటాలోంచి, ఇనుయిట్ గైడ్‌తో, కుక్కల బండి మీద. 50 వేల డాలర్ల మాట. 2008లో అమెరికా దాన్ని ముప్పున్న జంతువుల జాబితాలో చేర్చాక చర్మం ఇక్కడికి తెచ్చుకునే దారి కూడా మూసుకుపోయింది. నాకైతే తినని జంతువు మీద తుపాకి లేవదు, కాబట్టి దీన్ని పోలికలోకే తీసుకోలేదు.

సరే, ఎవరికి ఏది? ఫ్రీజర్ నిండాలి, పది రోజులకి పైగా సెలవుంది, ఖాళీ చేతులతో వచ్చినా ఏడవను అనేవాళ్ళకి అలాస్కా, కాకపోతే ప్యాకేజీకి అటూ ఇటూ మూడేసి రోజులు సొంతంగా కలుపుకోండి. ఇరవై గజాలు నడిస్తే కనురెప్పలు అతుక్కునే చలి చూడాలి, మంచులో బతికే మనుషులతో నాలుగు రోజులు గడపాలి, వేట ఆ తర్వాతే అనుకుంటే నునావుట్. బావ ఇప్పటికీ ఆ గైడ్ పెట్టిన పచ్చి గడ్డకట్టిన చేప గురించే చెప్తాడు, కొమ్ముల గురించి ఒక్క మాటా ఎత్తడు. ఆఫీసులో వారం సెలవే దొరికి, మోకాళ్ళు మరీ అంత బాగోని, ఖర్చుపెట్టిన ప్రతి రోజూ కొండ మీదే గడవాలనుకునే నాలాంటి వాళ్ళకి గ్రీన్‌లాండ్.

ఎక్కడికైనా అడ్వాన్సు కొట్టే ముందు ఔట్‌ఫిట్టర్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి: వాతావరణం వల్ల పోయిన రోజు ఎవరి లెక్కలోకి వస్తుంది, రాసి పంపండి అని. గ్రీన్‌లాండ్ ఆయన రెండు గంటల్లో జవాబిచ్చాడు, ఒక రోజు ఉచితంగా పొడిగిస్తాను, ఆ పైన సగం రేటు అని. అలాస్కా వాళ్ళకి రెండో ట్రిప్పు కోసమని అదే ఈమెయిల్ మార్చిలో పెట్టాను. ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడారు. రాసి మాత్రం ఇంకా పంపలేదు.