ఆరు రబీ పంటల్లో ఆకు రంగుల పట్టిక: మొక్కజొన్నలో యూరియా నష్టం ఎంత తగ్గింది

గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలో, కృష్ణా డెల్టాలోని బరువైన నల్లనేలలో మాకు మూడెకరాల పొలం ఉంది. సార్వా (ఖరీఫ్) వరి కోసిన తరువాత దున్నకుండా, ఆ మోళ్ల మధ్యనే రంధ్రాలు వేసి మొక్కజొన్న విత్తుతాము. ఆరు రబీ పంటలుగా ఈ మూడెకరాల్లోనూ, ఆకు పచ్చదనాన్ని పోల్చి నత్రజని అవసరాన్ని అంచనా వేసే ఆకు రంగుల పట్టిక చూసిన తరువాతే పైపాటుగా (పైరు పెరిగే దశలో) యూరియా వేస్తున్నాను. ఆ పట్టిక ఎక్కడ పనికివచ్చిందో, ఎక్కడ నన్ను తప్పుదారి పట్టించిందో కొత్తగా వాడబోయే రైతులకు తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా నా పాత పద్ధతి చెప్పాలి. విత్తేటప్పుడు ఎకరాకు ఒక బస్తా డీఏపీ, ఆ తరువాత మూడు దఫాల్లో ఆరు బస్తాల యూరియా వేసేవాడిని. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది, 50 కిలోల డీఏపీలో 9 కిలోలు ఉంటుంది. ఆ లెక్కన ఎకరాకు 133 కిలోల నత్రజని పడేది. మన రాష్ట్రంలో రబీ మొక్కజొన్నకు సిఫారసు 80 నుంచి 96 కిలోలే. అదనంగా వేసినది కండెలోకి చేరలేదని, అది గాలిలోనో మురుగుకాలువలోనో కలిసిపోయిందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నేను వాడే పట్టిక నాలుగు రంగులది. 2 నుంచి 5 వరకు అంకెలున్న ప్లాస్టిక్ గడులు లేత పచ్చ నుంచి ముదురు పచ్చ వరకు వరుసగా ఉంటాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీనిని వరి కోసం రూపొందించింది. మొక్కజొన్నకు 5వ రంగును హద్దుగా పెట్టుకునే పద్ధతిని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రచారంలోకి తెచ్చింది. నేను దానిని మా నేలకు, మా రబీ కాలానికి తగినట్లు కొంత మార్చుకున్నాను. విత్తిన 20 రోజులకు ఎకరాకు ఒక బస్తా తప్పనిసరిగా వేస్తాను. నెల నిండినప్పటి నుంచి పది రోజులకొకసారి పది మొక్కలను చూస్తాను. ఆరు లేదా అంతకంటే ఎక్కువ మొక్కల్లో ఆకు 5వ రంగు కంటే లేతగా ఉంటే మరో బస్తా వేస్తాను, లేకపోతే ఆ దఫా ఆపేస్తాను. కండెకు పీచు కనిపించిన తరువాత ఇక పట్టిక తీయను.

చూసే విధానంలో చిన్న తేడా వచ్చినా ఫలితం మారిపోతుంది. పూర్తిగా విచ్చుకున్న పై ఆకునే, తెంచకుండా, మధ్య భాగంలో పట్టిక మీద ఆనించి చూడాలి. ఎండ నేరుగా పడితే ఆకు ఉన్నదానికంటే లేతగా కనిపిస్తుంది కనుక సూర్యుడికి వీపు పెట్టి మన నీడలోనే చూడాలి. వేళ మారకూడదు, చూసే మనిషి కూడా మారకూడదు. ఒక ఏడాది నేనొక వారం, మా అబ్బాయి మరొక వారం చూడటం వల్ల అవసరం లేని ఒక దఫా వేసి నష్టపోయాము.

ఆరు పంటల్లో నాలుగింటికి ఎకరాకు నాలుగు బస్తాలు పట్టాయి. డీఏపీతో కలిపి అది సుమారు 92 కిలోల నత్రజని. పశువుల ఎరువు బాగా తోలిన ఒక ఏడాది మూడు బస్తాలతోనే సరిపోయింది. దిగుబడి ముందులాగే ఎకరాకు 38 నుంచి 42 క్వింటాళ్ల మధ్యనే నిలిచింది. మిగిలిన ఒక్క పంట సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పట్టికలోని ప్రధాన లోపం అప్పుడే నాకు తెలిసింది.

ఆ ఏడాది తడి ఎక్కువై, పల్లపు వైపు నీరు మూడు రోజులు నిలిచింది. ఆకులు పాలిపోయాయి, పట్టిక లేతగా ఉందని చూపింది, నేను వెంటనే యూరియా వేశాను, అయినా పచ్చదనం రాలేదు. గాలి ఆడని వేరు పోషకాన్ని తీసుకోలేదు. పైగా నీరు నిలిచిన నేలలో నైట్రేటు రూపంలో ఉన్న నత్రజనిని సూక్ష్మజీవులు వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. అంటే నేను వేసిన బస్తా ఆ నష్టాన్నే పెంచింది. పట్టిక పచ్చదనం తగ్గిందని మాత్రమే చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. జింకు లోపం వల్ల లేత ఆకుల మీద తెల్లని చారలు వచ్చినా, గంధకం తక్కువై పై ఆకులు పసుపు తిరిగినా అది లేత రంగునే చూపుతుంది. నత్రజని లోపమైతే ముందుగా కింది ఆకులు కొన నుంచి నడిమి ఈనె వెంట పసుపు తిరుగుతాయి. అందుకే ఇప్పుడు పై ఆకును పట్టికతో పోల్చేముందు కింది ఆకును చూస్తాను, నేల ఆరే దాకా ఆగుతాను.

మరో లోపం, నాలుగు రంగుల పట్టికలో 5వ గడే ఆఖరిది. ఆకు అంతకంటే ముదురుగా ఉంటే ఎంత ఎక్కువైందో తెలిసే మార్గం లేదు. కొన్ని హైబ్రిడ్లు స్వభావరీత్యానే లేత పచ్చగా ఉంటాయి, వాటి దగ్గర ఇది అనవసరంగా యూరియా అడుగుతుంది. దీనికి నేను చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, పొలం మధ్యలో నాలుగు సాళ్లకు నత్రజని కొరత లేకుండా వేసి, మిగతా పైరును ఆ సాళ్లతో కూడా పోల్చి చూస్తాను. రెండూ ఒకే రంగులో ఉంటే పట్టిక ఏం చెప్పినా బస్తా విప్పను.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. మొదటి రెండు పంటల్లో పట్టిక చెప్పిన రోజునే యూరియా వేసినా, మోళ్ల మీద చల్లి వదిలేసేవాడిని. వేపపూత యూరియా కాబట్టి ఆవిరి కాదని నమ్మాను. 2015 నుంచి మన దేశంలో యూరియా దాదాపు అంతా వేపపూతతోనే వస్తోంది. కానీ ఆ పూత, నేలలో అమ్మోనియం రూపంలో ఉన్న నత్రజని నైట్రేటు రూపంలోకి మారడాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప, నేలపైన పడిన గుళిక నుంచి అమ్మోనియా ఆవిరి కావడాన్ని ఆపదు. దున్నని పొలంలో మోళ్ల మీద యూరియాను అమ్మోనియాగా విడగొట్టే ఎంజైము ఎక్కువగా ఉంటుంది. జనవరి మంచుకు గుళిక కరుగుతుంది గాని, నేలలోకి ఇంకేంత నీరు అందదు. మొవ్వులో పడిన గుళికలు ఆకును మాడుస్తాయి కూడా.

మూడో పంట నుంచి మొక్కకు నాలుగు అంగుళాల దూరంలో, రెండంగుళాల లోతున రంధ్రం వేయించి, యూరియా వేసి, కాలితో మట్టి కప్పించి, అదే రోజు పలుచని తడి ఇస్తున్నాను. కూలి ఖర్చు చల్లడం కంటే బాగా ఎక్కువ, కూలీలు దొరకని వారం ఇబ్బంది కూడా. అయినా నాలుగు బస్తాలతో పాత దిగుబడి వస్తుందన్న నమ్మకం కుదిరింది ఈ మార్పు తరువాతే. మొదటి రెండేళ్లు నాలుగు బస్తాలే వేసినా చివరి దశలో పైరు పసుపు తిరిగి, కండె కొనలో గింజ సరిగా నిండలేదు, తూకం తగ్గకపోవడం అదృష్టమే. పట్టిక ఎప్పుడు వేయాలో చెప్పింది, వేసింది వేరుకు చేరేలా చేసింది మాత్రం ఆ రెండంగుళాల మట్టి.

ప్లాస్టిక్ మన్నిక మీద ఒక మాట. గట్టు మీద ఎండలో వదిలేసిన నా మొదటి పట్టిక మూడో ఏడాదికి వెలిసిపోయి, లేత ఆకును కూడా ముదురుగా ఉన్నట్లు చూపింది. ఇప్పుడు రెండు పట్టికలు ఉంచుకున్నాను. ఒకటి కాగితపు కవరులో పొలానికి వస్తుంది, రెండోది బీరువాలోనే ఉంటుంది. ప్రతి ఏడాది విత్తే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి, పొలంలో వాడేదాని రంగు మారిందో లేదో సరిచూసుకుంటాను.