నాజీ ఊరేగింపును సాగనివ్వాలా, ఆపాలా? అమెరికా దారి, జర్మనీ దారి: ఏది మేలు?

1977లో షికాగో పక్కనున్న స్కోకీ పట్టణంలో ఊరేగుతామని ఒక చిన్న నాజీ గుంపు ప్రకటించింది. ఆ ఊరిని ఎంచుకోవడంలోనే విషమంతా ఉంది. సుమారు 70 వేల జనాభాలో సగానికి పైగా యూదులు. హిట్లర్ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి అక్కడ స్థిరపడినవారు కూడా వారిలో చాలామంది. ఊరు ఒప్పుకోలేదు, వ్యవహారం కోర్టుకెక్కింది. నాజీల తరఫున వాదించింది డేవిడ్ గోల్డ్‌బర్గర్ అనే యూదు న్యాయవాది! ఆయన పనిచేసే పౌరహక్కుల సంఘానికి అధిపతి ఆర్యే నైయర్. నైయర్ స్వయంగా బెర్లిన్‌లో పుట్టి, పసితనంలో నాజీల బారి నుంచి తప్పించుకున్న మనిషే. సంఘం సభ్యులు వేల సంఖ్యలో వెళ్లిపోయారు. అయినా ఆయన పట్టు విడవలేదు.

ఏ మాటను ఆపవచ్చు, దేన్ని ఆపకూడదు అనే అమెరికా గీత ఎక్కడుందో అక్కడి సుప్రీంకోర్టు 1969 నాటి బ్రాండెన్‌బర్గ్ తీర్పు చెప్పింది. మాట ఎంత నీచమైనదైనా సరే, అప్పటికప్పుడు నేరానికి ఉసిగొల్పి, ఆ నేరం జరిగే అవకాశమూ ఉంటే తప్ప ప్రభుత్వం దాని జోలికి పోకూడదు.

జర్మనీకి ఈ ఓపిక లేదు. ఎందుకుంటుంది? ఓట్లు, సభలు, పత్రికలు అన్నీ వాడుకునే హిట్లర్ గద్దెనెక్కాడు. మొక్కగా ఉన్నప్పుడే వంచాలన్నది 1949 రాజ్యాంగం నేర్చుకున్న పాఠం. ప్రజాస్వామ్యాన్ని కూల్చాలని చూసే పార్టీని నిషేధించవచ్చు. యూదుల ఊచకోత జరగలేదని బహిరంగంగా అనడం అక్కడ నేరం.

ఇంతవరకు జర్మనీ మాటే సబబనిపిస్తుంది. కానీ కత్తెర ఎటు తిరిగిందో చూడండి. 1952లో కొత్త నాజీ పార్టీని నిషేధించారు, బాగానే ఉంది. 1956లో కమ్యూనిస్టు పార్టీ వంతు వచ్చింది. మూడేళ్ల ముందు ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చినవి 2.2 శాతం ఓట్లు! నాజీల జైళ్లలో మగ్గినవారు కొందరు మళ్లీ బోనెక్కారు. 2017లో మరో నాజీ వారసుల పార్టీ కేసులో రాజ్యాంగ న్యాయస్థానమే వెనక్కి తగ్గింది. ఆశయాలు రాజ్యాంగ విరుద్ధమే కానీ వాటిని సాధించే సత్తా లేదు, కాబట్టి నిషేధం వద్దంది. చుట్టూ తిరిగి అమెరికా అడిగే ప్రశ్న దగ్గరికే వచ్చినట్టు నాకు తోస్తుంది.

సహనం లేనివారిని సహించకూడదని తత్వవేత్త కార్ల్ పాపర్ అన్నాడంటూ చర్చల్లో తరచూ వింటాం. వాదనతో ఎదుర్కోగలిగినంత కాలం వారి నోరు నొక్కడం తెలివితక్కువ పని అని కూడా ఆయనే అన్నాడు. ఆ సగం ఎవరికీ గుర్తుండదు.

అమెరికా దారి ఖరీదు తక్కువేమీ కాదు. ఆ ఖరీదు కట్టేది జడ్జీలు కాదు, స్కోకీ ముసలివాళ్లు. ఇది తేలిగ్గా తీసిపారేసే విషయం కాదు. అయితే కోర్టులు నాజీలకు దారిచ్చినా, 1978లో చివరికి ఆ గుంపు స్కోకీకి రానే లేదు, షికాగోలో సభ పెట్టుకుని సరిపెట్టుకుంది. అంతవరకు తమ పిల్లలకే చెప్పని సంగతులను బతికినవారు బయటికి చెప్పడం మొదలుపెట్టారు. 2009లో అదే స్కోకీలో ఆ ఊచకోత స్మారక మ్యూజియం తెరుచుకుంది.

మనకు ఏది మేలు? మాట స్వేచ్ఛకు హద్దులు పెట్టనిచ్చే మన రాజ్యాంగం 19(2) అధికరణం జర్మనీ వైపే మొగ్గుతుంది. కానీ జర్మనీలో పార్టీని నిషేధించాలంటే రాజ్యాంగ న్యాయస్థానంలో మూడింట రెండొంతుల మంది జడ్జీలు ఒప్పుకోవాలి. ఇక్కడ మాట మీద కేసు కట్టడానికి పోలీసు ఠాణా చాలు. అందుకే నా ఓటు అమెరికా గీతకే.

2012లో శివసేన నేత బాల్ ఠాక్రే మరణించాక ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది. ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఈ ఉదంతం తర్వాత సవాలైన, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు పెడితే శిక్షించే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. చర్చ వేరు, ప్రచారం వేరు, రెచ్చగొట్టడం వేరని విడదీసి, మూడోది వచ్చినప్పుడే చట్టం కదలాలంది. కొట్టేసిన ఆ సెక్షన్ కిందే ఠాణాల్లో ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో ఆ కోర్టే విస్తుపోయింది.