బాబురావును ఉరితీసిన చంద్రపూర్‌లో మామగారితో రెండు రోజులు

డిసెంబరు రెండో వారంలో చంద్రపూర్ కోట చూసి వచ్చాం. కోట గురించి రాద్దామనే కూర్చున్నాను గానీ, కలం పట్టగానే ఆ లాడ్జి యజమాని ముఖమే కళ్ల ముందుకు వస్తోంది. ముందు ఆ సంగతి తేల్చుకుంటాను.

మేం ఉండేది మహారాష్ట్రలో, చంద్రపూర్ పక్క జిల్లా గడ్చిరోలిలోని అహేరిలో. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, సంతలో గోండీ. మా మామగారికి డెబ్బై ఆరేళ్లు. ఆలపల్లి కలప డిపోలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడిన గోండు వీరుడు బాబురావు షెడ్మాకేను ఉరితీసిన చోటును కళ్లారా చూడాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. మా ఆవిడ తండ్రి కోసం, అమ్మాయి తాతయ్య కోసం బయలుదేరారు. ఎర్ర బస్సులో నా టికెట్ 202 రూపాయలు. ఆడవాళ్లకు సగం ధరే కాబట్టి వాళ్లిద్దరికీ చెరో 101. డెబ్బై అయిదు దాటినందున మామగారికి ఉచితం. ఆష్టి దగ్గర వైన్‌గంగ వంతెన దాటి, గోండ్‌పిప్రి మీదుగా నాలుగు గంటల్లో చేరాం. దారిలో ఏ ఇబ్బందీ లేదు.

లాడ్జి బస్టాండుకు దగ్గర్లోనే ఉంది. రెండు రోజుల ముందు ఫోను చేస్తే నలుగురికి ఒకే పెద్ద గది, వేడినీళ్లు, 900 రూపాయలు అన్నారు. తీరా వెళ్లాక కౌంటరు దగ్గర అది 1,100 అయింది. అదనపు పరుపుకు ఇంకో 200 అన్నారు. ఫోనులో నలుగురమని చెప్పాను కదా అంటే, "ఫోను ఎత్తింది నేను కాదు" అన్నాడు యజమాని. మామగారు అప్పటికే మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆయనను మళ్లీ లేపి ఇంకో చోటు వెతకలేక 1,300 కట్టేశాను. నేను చేసిన తప్పు అక్కడే. గది చూడకుండా డబ్బు కట్టకూడదు.

గదిలో దుప్పట్ల మీద పాత మరకలు. స్నానాలగది గుమ్మం కింది నుంచి నీళ్లు కారి మామగారి పరుపు అంచు తడిసింది. ఆయన గోడకు ఆనుకుని కూర్చునే రాత్రంతా గడిపారు. డిసెంబరు చలిలో పొద్దున్న వేడినీళ్లకు తిప్పితే గీజర్ లోంచి చుక్క రాలేదు. అడిగితే బకెట్టుకు 50 రూపాయలన్నారు. మూడు బకెట్లకు 150. ఇంత జరిగాక రసీదు అడిగితే 900కే రాసిచ్చాడు. మిగతా 550కి కాగితం లేదు. మా ఆవిడ ఆ రాత్రి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపం లాడ్జి మీదే, పడింది నా మీద. వాళ్ల నాన్న రాత్రంతా కూర్చుని ఉండటం చూసిన కూతురిని నేనేం అనగలను?

ఇక కోట. చంద్రపూర్ అసలు పేరు చాందా. గోండు రాజుల రాజధాని. ఈరయి, ఝర్పట్ నదులు కలిసేచోట ఖాండ్క్యా బల్లాళ్ షా ఈ నగరానికి పునాది వేశాడని చెబుతారు. రాజుగారి వేటకుక్కను ఒక కుందేలు తరిమిందట, ఆ రెండూ తిరిగిన దారి వెంటే గోడ గీత గీశారట. ఊరంతటినీ చుట్టిన ఆ గోడకు జట్పురా, బింబా, పఠాన్‌పురా, అచలేశ్వర్ అని నాలుగు పెద్ద గుమ్మాలు ఉన్నాయి. గుమ్మాల మీద ఏనుగును అణచిపట్టిన సింహం బొమ్మ కనిపిస్తుంది. గోండు రాజుల చిహ్నం అది. ఇవి కాక అయిదు చిన్న దారులున్నాయి. మరాఠీలో ఖిడ్కీలంటారు, మన మాటలో దిడ్లు. ఒకదాని పేరు చోర్ ఖిడ్కీ, ఇంకొకటి మసణ్ ఖిడ్కీ. మసణ్ అంటే శ్మశానం. ఈ పేరు విన్నాక మా అమ్మాయి ఆ దిడ్డి దగ్గరకు రానంటే రానంది.

గోడ మీద చెట్లూ చేమా మొలిచి ఉంటాయనుకుని వెళ్లాను. చాలా మేర శుభ్రంగా ఉంది. ఎకో-ప్రో అనే స్థానిక సంస్థ కుర్రాళ్లు 2017 నుంచి శ్రమదానం చేసి ఈ గోడను బాగు చేశారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. పఠాన్‌పురా గుమ్మం వైపు గోడ పక్కన నడిచిన ఆ గంట ఈ ప్రయాణంలో నాకు దొరికిన సుఖం. బస్టాండు నుంచి అక్కడికి ఆటోకు 60 రూపాయలు. వంద అడుగుతారు, ఇవ్వకండి.

మామగారి మనసు మాత్రం గోడ మీద లేదు. "జైలెక్కడ?" అని గంటకోసారి అడుగుతూనే ఉన్నారు. గోండు రాజుల రాజవాడ, అంటే రాజమహలు, ఉన్న చోటే ఇప్పుడు జిల్లా జైలు. రాజులు కొలువుతీరిన చోట ఖైదీలు. 1818 మేలో ఇంగ్లీషు సైన్యం ఈ కోటను ముట్టడించి పట్టుకున్నప్పుడు కోట అధికారి (కిల్లేదారు) గంగాసింగ్ పోరాడి చనిపోయాడు. ఆ తర్వాత నలభై ఏళ్లకు బాబురావును ఇక్కడికి తెచ్చారు.

ఆ కథ మామగారు ఆటోలో చెప్పడం మొదలుపెడితే ఆటో అబ్బాయి కూడా వేగం తగ్గించి విన్నాడు. బాబురావు 1833 మార్చి 12న అహేరి వైపు కిష్టాపూర్‌లో పుట్టాడు. మోలంపల్లి జమీందారు కొడుకు. చదువు రాయ్‌పూర్‌లో. 1857 తిరుగుబాటు మొదలయ్యాక గోండు, మాడియా తెగల యువకులను అయిదు వందల మందిని కూడగట్టి 1858 మార్చిలో రాజ్‌గఢ్ పరగణాను పట్టుకున్నాడు. అడపల్లి, ఘోట్‌ల జమీందారు వెంకట్రావు ఆయనకు తోడయ్యాడు. ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించ్‌గుండి దగ్గర టెలిగ్రాఫు ఉద్యోగుల మకాం మీద దాడి జరిగింది. గార్ట్‌లాండ్, హాల్ చనిపోయారు, పీటర్ అనేవాడు పారిపోయి డిప్యూటీ కమిషనర్ క్రైటన్‌కు కబురు చేర్చాడు. "చించ్‌గుండి మనకు ఎంత దూరం? చిన్నప్పుడు నడిచి వెళ్లేవాళ్లం" అన్నారు మామగారు. ఆటో అబ్బాయి తలూపాడు.

పట్టించింది కూడా మా ఊరి వాళ్లే. ఇది చెప్పేటప్పుడు మామగారి గొంతు ప్రతిసారీ తగ్గుతుంది. క్రైటన్ అహేరి జమీందారు లక్ష్మీబాయి మీద ఒత్తిడి తెచ్చాడు. ఆమె మనుషులు ఒకసారి భోపాలపట్నంలో పట్టుకుంటే బాబురావు తప్పించుకున్నాడు. సెప్టెంబరు 18న మళ్లీ దొరికాడు. చాందాకు తెచ్చి విచారణ జరిపి 1858 అక్టోబరు 21న ఉరితీశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదు. లక్ష్మీబాయికి వెంకట్రావు ఊళ్లు బహుమతిగా ముట్టాయి. వెంకట్రావు బస్తర్‌కు పారిపోతే 1860లో అక్కడి రాజు పట్టి అప్పగించాడు. ఆయనకు యావజ్జీవ శిక్ష పడింది. "ఉరి ఒక్క రోజు. ఆయనది రోజూ" అంటారు మామగారు వెంకట్రావు గురించి.

జైలు గుమ్మం దగ్గర ఆటో దిగాం. లోపల ఒక రావిచెట్టు ఉందని, ఉరితీసింది అక్కడేనని మామగారు విని ఉన్నారు. అది పనిచేస్తున్న జైలు, ఎవరినిబడితే వారిని రానివ్వరని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. అయినా అడిగారు. కాపలా ఉన్న పోలీసు విసుక్కోలేదు. "బాబా, అక్టోబరు 21న రండి. ఆ రోజు జనం వచ్చి దండం పెడతారు" అని మరాఠీలో చెప్పి, మేం తెలుగులో మాట్లాడుకోవడం విని "కూర్చోండి పెద్దాయనా, నీళ్లు తాగుతారా?" అన్నాడు. తల్లిది కాగజ్‌నగర్ అట. మామగారు చెప్పులు విడిచి గోడ వైపు తిరిగి చేతులు జోడించారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. అక్టోబరులో రాకుండా డిసెంబరులో సెలవు పెట్టుకున్న నా మీద నాకే కోపం వచ్చింది. అచలేశ్వర్ గుడి, ఆ పక్కన గోండు రాజుల సమాధులు ఆ సాయంత్రమే చూశాం. రాణి హీరాయి తన భర్త బీర్‌షా కోసం కట్టించిన సమాధి ముందు మా ఆవిడ ఎక్కువసేపు ఆగింది. మహాకాళి గుడిలో రద్దీ లేదు.

రెండో రోజు పొద్దున్నే ఆ లాడ్జి వదిలి బల్లార్‌పూర్ వెళ్లాం. పదిహేను కిలోమీటర్ల దూరం. వర్ధా ఒడ్డున పాత కోట ఉంది, చంద్రపూర్ కంటే ముందు రాజధాని అదే. చాలామంది ఇక్కడికి రారు. ఈ కోట చూడకపోతే గోండు రాజుల కథ సగంలోనే ఆగిపోతుంది. 1751లో రఘూజీ భోంస్లే చివరి గోండు రాజు నీలకంఠ షాను ఓడించి, పట్టుకుని, ఈ కోటలోనే ఖైదు చేశాడు. తాతముత్తాతలు కట్టిన కోటే ఆయనకు జైలయింది. దివానును చంపించిన క్రూరుడని పేరు, ప్రజలు ఆయనను ప్రేమించలేదని అంటారు. మామగారికి ఆయన మీద జాలి లేదు. నాకు మాత్రం నదివైపు గోడ దగ్గర నిలబడినప్పుడు గుండె బరువెక్కింది. ఎదురుగా ఇసుక, అవతల ఒడ్డు. రాజుకు కూడా ఆ ఒడ్డు కనిపించే ఉంటుంది. ఆయన ఇక్కడ బందీగా ఉన్నాడని చెప్పే పలక నాకు ఒక్కటీ కనిపించలేదు. నాలుగు భాషల్లో, తెలుగుతో సహా, ఒక పలక పెట్టవచ్చు. ఈ ఊళ్లో కాగితపు మిల్లు, బొగ్గుగనుల పుణ్యమా అని తెలుగువాళ్లకు కొదవ లేదు కదా.

ఆకలితో గల్లీలో పడి నడుస్తుంటే ఒక ఇంటి ముందు పప్పుచారు తిరగమోత వాసన వచ్చింది. మా ఆవిడ ఆగిపోయింది. రెండు గదుల మెస్. నడిపేది పెద్దపల్లి వైపు నుంచి భర్త గని ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పెద్దావిడ. భోజనం 80 రూపాయలు. వేడి అన్నం, గోంగూర పప్పు, వంకాయ కూర, పప్పుచారు, ఎండుమిర్చి వేయించిన మజ్జిగ. గోంగూరను ఇక్కడ అంబాడి అంటారు. చంద్రపూర్‌లో పొద్దున తిన్న తర్రి పోహా (కారం పులుసు పోసిన అటుకులు) ప్లేటు 30కి బాగానే ఉంది, కానీ రాత్రంతా నిద్ర లేని మనిషికి కావలసింది ఇది. మామగారు మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. "నిన్న పస్తున్నారా నాన్నా?" అని అడిగిందావిడ. లాడ్జి కథంతా మా ఆవిడ ఏకరువు పెట్టింది. నిన్నటి నుంచి నోరు విప్పని మనిషి ఒక్క ఊపులో చెప్పేసింది. ఆవిడ విని, మూడో వడ్డనకు డబ్బు తీసుకోనంది. నలుగురికీ 320 ఇచ్చాను.

నా సలహా ఒకటే. చంద్రపూర్ కోట పగలు చూడండి, రాత్రికి బల్లార్‌పూర్ వచ్చేయండి. ఎక్కడ దిగినా ముందు గది చూడండి, కుళాయి తిప్పండి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు రాయించుకున్నాకే బ్యాగు లోపల పెట్టండి.

ఆ పెద్దావిడకు మేడ మీద ఒక గది ఉందట, బంధువులు వస్తే ఇస్తుందట. రాత్రికి 400. మేం చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మామగారు చొక్కా జేబులోంచి వంద రూపాయల నోటు తీసి ఆవిడ చేతిలో పెడుతున్నారు. అక్టోబరు 20 సాయంత్రం వస్తామని, తెల్లారి జైలుకు పోవాలని చెబుతున్నారు.