పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి ఏ పెల్లెట్? ఏళ్ళ తరబడి వాడి, పరీక్షించి చూశాక

మా ఇంట్లో రైఫిల్ మా అమ్మాయిది, అందులో వేసి కాల్చే చిన్న సీసపు గుండ్లు, అంటే పెల్లెట్లు, ఏరే పని నాది. తను పోటీలకు వెళ్ళడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ బాధ్యత నా మీద పడింది. ఇప్పుడైతే ఇష్టంగానే చేస్తున్నాను. విజయవాడలోనూ గుంటూరులోనూ పిల్లల్ని షూటింగ్‌లో చేర్చిన తల్లిదండ్రులు ఎప్పుడు కలిసినా "ఏ కంపెనీవి కొనమంటారండీ?" అని అడుగుతుంటారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. అందుకే వాడి చూసినదంతా ఒకచోట రాస్తున్నాను.

నాకు ఈ పరీక్షల పిచ్చి ఎక్కించింది డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు. ఆయన తన రైఫిల్ తూటాలు తానే నింపుకుంటాడు. పేల్చిన తూటా ఖాళీ గొట్టంలో (కేసు) మందుని అంటించే కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, బుల్లెట్ కూర్చి, రేంజ్‌కి తీసుకెళ్ళి ఏ పాళ్ళు తన రైఫిల్‌కి నప్పాయో కాగితం మీద చూసుకుంటాడు. ఇంటి రక్షణకని ఉంచుకున్న వాటిని కూడా అలాగే పరీక్షిస్తాడు. అక్కడ అది మామూలు విషయం. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, కాబట్టి ఆ ఊసే వద్దు. అయితే అన్నయ్య చెప్పిన పద్ధతి మాత్రం మనకీ పనికొస్తుంది: డబ్బా మీద రాసింది నమ్మకు, నీ బ్యారెల్‌నే అడుగు. ఎయిర్ రైఫిల్లో మందు లేదు, కేసు లేదు. గాలి ఒత్తిడి, వేగం కంపెనీవాళ్ళు కుదిర్చి పెట్టినవే. మన చేతిలో ఉన్నదల్లా ఆ అర గ్రాము సీసపు గుండే.

అసలు అంత తేడా ఉంటుందా అని అనుమానం రావడం సహజం. లెక్క చూడండి. పది మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది రింగు వ్యాసం అర మిల్లీమీటరు. ఒక రింగుకీ ఇంకో రింగుకీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు. 2013 నుంచి క్వాలిఫికేషన్‌లో కూడా దశాంశాల్లో స్కోరు వేస్తున్నారు, అంటే గుండు పావు మిల్లీమీటరు పక్కకు పోతే 0.1 పాయింటు పోయినట్టే. పోటీలో 60 షాట్లు. సగటున షాటుకి ఆ పావు మిల్లీమీటరు పోతే మొత్తం మీద 6 పాయింట్లు. రాష్ట్ర స్థాయి పోటీల్లో 6 పాయింట్ల తేడా అంటే ఎంతమంది వెనక్కి వెళ్ళాల్సి వస్తుందో ఆ టెన్షన్ పడినవాళ్ళకి తెలుసు. పిల్ల తప్పు లేకుండా ఆ పాయింట్లు పోతే నేను ఓర్చుకోలేను.

ముందు పరీక్ష ఎలా చేస్తామో చెబుతాను, లేకపోతే తర్వాత చెప్పేదానికి విలువ ఉండదు. చేత్తో పట్టుకుని కాల్చి పెల్లెట్ మంచిదో కాదో తేల్చలేం, షూటర్ తప్పు కూడా అందులో కలిసిపోతుంది. అందుకని ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ చేత బరువైన ఇనుప దూలం మీద బిగింపు చేయించాను. లారీ ఛాసిస్‌లు వెల్డింగ్ చేసే చేతులవి. ఒకసారి గీసి చూపిస్తే చాలు, వణుకు లేకుండా చేసిచ్చాడు. కోచ్ దగ్గరుండి రైఫిల్‌ని స్టాక్ నుంచి (భుజానికి ఆనించే చట్రం) విడదీసి యాక్షన్‌ని, అంటే బ్యారెల్, ట్రిగ్గర్ ఉండే భాగాన్ని, అందులో బిగిస్తారు. అకాడమీ ఖాళీగా ఉన్న పొద్దుటి పూట, లేన్లలో ఎవరూ లేకుండా చూసుకుని కాలుస్తాం. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారినప్పుడు మొదటి పది పదిహేను షాట్లు లెక్కలోకి తీసుకోం. బ్యారెల్‌లో పాత సీసం పొర పోయి కొత్తది పట్టడానికి ఆ మాత్రం కావాలి. తర్వాత పదేసి షాట్లు ఒకే చోటికి కొట్టి, ఆ బెజ్జాల గుంపుని (గ్రూపు) బయటి అంచు నుంచి బయటి అంచుకి వెర్నియర్‌తో కొలుస్తాం. మామూలు తెల్ల కాగితం చిరుగుతుంది. అసలైన టార్గెట్ కార్డు మీదే, అదీ పోటీలకు వాడే మ్యాచ్ పెల్లెట్ల చదును తలకే, పంచింగ్ మెషిన్‌తో కొట్టినంత గుండ్రంగా బెజ్జం పడుతుంది.

మేం ఎక్కువగా వాడిన పెల్లెట్లు ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీ ఆర్-10, హెచ్ అండ్ ఎన్ కంపెనీ ఫినాలే మ్యాచ్. రైఫిల్ రకాలు రెండూ 0.53 గ్రాములే. ఆర్-10లో 0.45 గ్రాముల తేలిక రకం పిస్టల్ కోసం. దుకాణాల్లో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి, చూసి తీసుకోండి. ఏది గొప్ప అని అడిగితే మా అనుభవంలో ఆ ప్రశ్నకు అర్థం లేదు. ఒక లాట్ (ఒకే విడతలో తయారైనవి) ఆర్-10 మా బ్యారెల్‌లో గ్రూపంతా 6 మిల్లీమీటర్ల లోపే పెట్టింది. గుండు వ్యాసమే నాలుగున్నర కాబట్టి కేంద్రాలు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా కదల్లేదన్నమాట. ఆ టిన్నులు అయిపోయాక అదే పేరు, అదే రంగు డబ్బా, వేరే లాట్ తెచ్చాం. గ్రూపు ఎనిమిదికి పోయింది. అదే లాట్ మా అమ్మాయి స్నేహితురాలి రైఫిల్‌లో చక్కగా కూర్చుంది! ఫినాలే మ్యాచ్‌తో కూడా ఇలాగే రెండు రకాల అనుభవమూ అయింది. అందుకే మొదట లాట్‌కి ఒక్క టిన్ను చొప్పున తెప్పించుకుంటాం. నప్పిన లాట్ దొరికితే ఆ సీజన్‌కి సరిపడా ఒకేసారి కొనేస్తాం. డబ్బు ఒకేసారి పెట్టాలి, నిజమే. కానీ ప్రతి పోటీకి ముందు కొత్త టిన్నుతో గుండె దడ పెంచుకోవడం కంటే అదే నయం.

టిన్ను మీద 4.49, 4.50, 4.51 అని ఉండేది పెల్లెట్ తల వ్యాసం, మిల్లీమీటర్లలో. దానికి చాలామంది ప్రాధాన్యం ఇస్తారు. మా రైఫిల్లో 4.50 మేలని తేలింది, కానీ 4.49లో ఒక మంచి లాట్ దాన్ని దాటేసింది కూడా. అంకె కంటే కాగితమే ఎక్కువ నిజం చెబుతుంది.

తూకం సంగతి. వన్‌టౌన్‌లో నగల పనివాళ్ళు వాడే, మిల్లీగ్రాము వరకూ చూపే ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. దాని ముందు ఫ్యాన్ వేస్తే అంకె నిలవదు. బెజవాడ మే నెలలో ఫ్యాన్ కట్టేసి కూర్చుని, చెమట చుక్క పళ్ళెంలో పడకుండా ట్వీజర్‌తో ఒక్కొక్క గుండూ పెట్టి తీయాలి. అంత చేశాక తేలిందేమిటంటే, మంచి మ్యాచ్ పెల్లెట్లని తూచి వేరు చేసినా పది మీటర్ల దగ్గర గ్రూపులో నాకు తేడా కనబడలేదు. చవకరకం ప్రాక్టీస్ పెల్లెట్లలో మాత్రం కనబడింది. బరువులు ఒక్కోదానికి ఒక్కోలా ఉండేవి, ఏరి కాలిస్తే గ్రూపు కాస్త దగ్గరకొచ్చింది. కానీ అంత ఓపిక పెట్టి ఏరేకంటే ఇంకొంచెం పెట్టి మంచివి కొనుక్కోవడం మేలు. కాటా ఇప్పుడు అటక మీద ఉంది.

ఇంకా వదలని పద్ధతి మాత్రం ఒకటుంది, అద్దం. టీపాయ్ మీది అద్దం పలకని ఒక వైపు కాస్త ఎత్తి పెట్టి గుండుని దొర్లిస్తాను. పెల్లెట్‌కి వెనక లంగాలా విచ్చుకున్న అంచు తల కంటే కొంచెం వెడల్పు కాబట్టి అది తిన్నగా పోదు, తల వైపుకి వంపు తిరుగుతూ పోతుంది. బాగున్నవన్నీ దాదాపు ఒకే గీత మీద పోయి ఒకే చోట కింద పడతాయి. అంచు నొక్కుకుపోయినది ఎగురుతూ తడబడుతూ పోతుంది, కంటితో చూసినా తెలియని సొట్ట కూడా అక్కడ బయటపడుతుంది. పోటీకి తీసుకెళ్ళే పెల్లెట్లన్నీ ముందు రోజు రాత్రి ఇలా దొర్లించాకే ఫోమ్ గళ్ళలో సర్దుతాను. ఒక దుకాణం నుంచి కొరియర్‌లో వచ్చిన టిన్నులో ఈ పరీక్షకి చాలా గుండ్లు నిలవలేదు. డబ్బా మూలే నొక్కుకుపోయి ఉంది. మార్చి ఇవ్వమంటే మార్చలేదు. అప్పటినుంచి డబ్బాకి సొట్ట ఉంటే తీసుకోను.

నిల్వ గురించి కోస్తా వాళ్ళం ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. వర్షాకాలం తేమకి మూత సరిగ్గా లేని టిన్నులో సీసం మీద తెల్లటి పొడి పూస్తుంది. ఆ గుండ్లని బ్యారెల్‌లోకి పంపకండి, పొడిని చేత్తో తుడవకండి. మూత చుట్టూ టేపు వేసి, సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో పెడితే మాకు మళ్ళీ ఆ బెడద రాలేదు. రైఫిల్‌కి బిగించే గాలి సిలిండర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పొద్దున నీడలో 200 బార్‌కి నింపిన సిలిండర్‌ని మధ్యాహ్నం ఎండలో మూసిన కారులో వదిలేస్తే లోపల 60 డిగ్రీలు దాటుతుంది, ఒత్తిడి 220 బార్ దాటిపోవచ్చు. పోటీ రోజున భోజనానికి ఆగినా సిలిండర్ విప్పి మాతోనే తీసుకెళ్తాం. సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొనేవాళ్ళు సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి, చాలా కంపెనీలు వాటికి పదేళ్ళే గడువిస్తాయి.

తరచూ వినే ఇంకో ప్రశ్న: "ఇది ఇంట్లో ఉంటే దొంగల భయం ఉండదు కదా బాబాయ్?" మా వీధి కుర్రాళ్ళు అడుగుతారు. ఊరి చివర ఇళ్ళవాళ్ళు కోతుల కోసం అరువిమ్మంటారు. ఎవరికీ ఇవ్వను. 0.53 గ్రాముల గుండు సెకనుకి 175 మీటర్ల వేగంతో వెళ్తే సుమారు 8 జూళ్ల (joules) శక్తి. 2016 ఆయుధ నిబంధనల్లో లైసెన్సు అక్కర్లేని .177 (అంగుళాల్లో గొట్టం వ్యాసం, అంటే మన 4.5 మిల్లీమీటర్లే) ఎయిర్ రైఫిళ్ళ హద్దు 20 జూళ్లు. ఇది దొంగని ఆపదు, కానీ కన్ను మాత్రం పోగొడుతుంది. చీకట్లో అలికిడికి దీన్ని ఎత్తితే అవతల ఉన్నది మంచినీళ్ళకి లేచిన ఇంట్లోవాళ్ళే కావచ్చు. ఇంటికి గ్రిల్లు, వెలుతురు, కుక్క, 112 నంబరు చాలు. రైఫిల్ తాళం వేసిన పెట్టెలో, పెల్లెట్లు వేరే బీరువాలో ఉంటాయి.

కొత్తగా చేర్చినవాళ్ళు మొదటి నెలల్లో ఖరీదైనవి కొనకండి. ప్రాక్టీస్ టిన్నులు చాలు, అప్పటికి భంగిమ, ఊపిరి, ట్రిగ్గరే కుదరవు. జిల్లా పోటీకి పేరిచ్చే ముందు నాలుగైదు లాట్లు తెప్పించి కోచ్ చేత పరీక్ష పెట్టించండి. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి తెప్పించుకుంటే ఒకరికి నప్పనిది ఇంకొకరు తీసుకోవచ్చు, మేం ఇప్పుడు అలాగే చేస్తున్నాం. ఇంకొకటి, రేంజ్ నుంచి బయటికి రాగానే పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి. అది సీసం. బయట బండి దగ్గర మిరపకాయ బజ్జీ తినేది ఆ తర్వాతే.