బుడిబుడి నడక: పార్కులోనా, ప్లేస్కూల్ ఆవరణలోనా?

ఆరోగ్య సేవాసంస్థకు విరాళాల కోసం పసిపిల్లల నడక పెట్టాలనుకుంటే, ముందు తేలాల్సింది చోటు.

ఖర్చు: ఆవరణకు దాదాపు ఏమీ కాదు. పార్కుకు అనుమతి కావాలి, ఒక్కోసారి రుసుమూ, బీమా కాగితమూ అడుగుతారు.

రిస్క్: అసలు తంటా ఇక్కడే. రెండేళ్ల పిల్ల గీత మీద నడవదు. పావురం కనిపిస్తే అటే పరుగు. పక్కనే చెరువో రోడ్డో ఉంటే ఒక్కో బిడ్డకు ఒక్కో పెద్దమనిషి ఉండాల్సిందే. ఆవరణలో గేటు వేస్తే సగం బెంగ తీరుతుంది.

రాబడి: పార్కుదే పైచేయి. దారినపోయేవాళ్లూ డబ్బాలో వేస్తారు (దానికీ చాలాచోట్ల అనుమతి కావాలి). ఆవరణలో అయితే పిల్ల నడిచిన చుట్టుకింత ఇస్తామని దాతలతో ముందే రాయించుకోవాలి.

మొదటిసారైతే, సాయానికి మనుషులు తక్కువైతే ఆవరణే. తల్లిదండ్రులంతా వెంట నడుస్తామంటే పార్కు. ఎక్కడైనా సరే, నిద్రవేళకు ముందే ముగించండి. లేదంటే సగంమంది చంకెక్కే చుట్లు పూర్తిచేస్తారు.